చలిదేశపు కుండీలో మన పండ్ల చెట్లు

(శ్రీకాకుళంలో తోటపని మీద ఇష్టమున్నవాళ్లు జరుపుకున్న సమావేశంలో, ఉద్యానశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఒక అధ్యాపకుడి ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో వినిపిస్తోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంటే చెప్పండి, గొంతు పెంచుతాను. పాఠాలు చెప్పిన గొంతే కదా, దానికేమీ ఇబ్బంది లేదు.

ముందు ఒక ప్రశ్న. పిల్లలో మనవలో విదేశాల్లో ఉన్నవాళ్లు ఈ హాల్లో ఎవరెవరు? చేతులెత్తండి. చూశారా, సగం హాలు! మన జిల్లావాళ్లకు వలస కొత్త కాదు. ముత్తాతల కాలంలో రంగూను వెళ్లేవారు. రంగూను వెళ్లినవాడికి మామిడిపండుకు గాని, అరటిపండుకు గాని, పనసతొనకు గాని లోటు ఉండేది కాదు. ఇప్పుడు వెళుతున్నది లండన్, చికాగో, టొరంటో. అక్కడ మామిడి మొక్కను నేలలో నాటితే మొదటి శీతాకాలం దాటదు. అందుకని కుండీలో పెడుతున్నారు. చలికాలం ఇంట్లో, వేసవి బయట. ఆ కుండీల గురించే ఇవాళ నా మాటలు.

శ్రీకాకుళంలో కూర్చుని చలిదేశపు కుండీల గోల మనకెందుకని ఇందాక ఒకరు అడిగారు. మంచి ప్రశ్నే. జవాబు చెబితే కోపం తెచ్చుకోకూడదు. అక్కడి కుండీల్లో మొక్కల్ని చంపుతున్నది చాలావరకు మనమే. అవునండి, ఆరు నెలలకని వెళ్లే అమ్మమ్మలూ తాతయ్యలూ. నవ్వకండి. పొద్దున్నే లేస్తాం, కాఫీ తాగుతాం, చెంబుతో నీళ్లు పట్టుకుని మొక్క దగ్గరికి వెళతాం. ఆ అలవాటు మనకు నేర్పింది ఇక్కడి ఎండ. ఆ ఎండ లేని చోట అదే ప్రేమ, అదే చెంబు, మొక్క పాలిట యముడు. నేను చెప్పబోయేది ఈ ఒక్క మాటే. దీన్నే అటు తిప్పీ ఇటు తిప్పీ చెబుతాను, విసుగు పడకండి.

ముందు కొంచెం చరిత్ర. ఇది ఇవాళ పుట్టిన పిచ్చి కాదని తెలియడానికి.

ఫ్రాన్సులో వెర్సాయి రాజభవనం ఉంది కదా, అక్కడ పద్నాలుగో లూయీ కాలంలో, 1684 నుంచి 1686 వరకు, నారింజ చెట్ల కోసం ఒక పెద్ద భవనం కట్టారు. చెట్లకు భవనం! దక్షిణం వైపు పెద్ద పెద్ద కిటికీలు, మందపాటి గోడలు. చెట్లన్నీ చెక్కపెట్టెల్లో ఉంటాయి. చలికాలమంతా లోపల, మే నెల వచ్చేసరికి బయట, అక్టోబరులో మళ్లీ లోపలికి. ఈ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. వెయ్యికి పైగా చెట్లు. నారింజ, నిమ్మలతో పాటు మన దానిమ్మ, మన గన్నేరు కూడా ఆ పెట్టెల్లో ఉన్నాయి. ఆ పెట్టెల పక్కలు ఊడదీయడానికి వీలుగా ఉంటాయి. ఎందుకు? వేరు చూడటానికి. ఈ మాట గుర్తుపెట్టుకోండి. వాళ్లకు ఆకు కంటే వేరు మీద ధ్యాస ఎక్కువ.

ఇంకో కథ. ఇంగ్లండులో చాట్స్‌వర్త్ అని ఒక డ్యూకు గారి భవంతి. 1830లలో అక్కడ తోట చూసేవాడు జోసెఫ్ పాక్స్‌టన్. ఈయనే తర్వాత 1851లో లండన్ ప్రదర్శనకు క్రిస్టల్ ప్యాలెస్ అనే పెద్ద అద్దాల భవనం గీసి ఇచ్చినవాడు. మారిషస్ నుంచి వచ్చిన పొట్టిరకం అరటిని ఈయన సంపాదించి, అద్దాల ఇంట్లో పెంచి, 1835లో పూయించాడు. దానికి యజమాని ఇంటిపేరు పెట్టారు: కావెండిష్. ఆ పిలకలు తర్వాత మిషనరీల వెంట సమోవా దీవులకు వెళ్లాయి. మనం పొట్టి పచ్చ అరటి అంటాం చూశారా, బజారులో గ్రాండ్ నైన్ అంటున్నాం చూశారా, ఇవన్నీ ఆ కుటుంబానివే. ఇవాళ దేశాలు దాటి ఎగుమతి అయ్యే అరటిపండ్లు దాదాపు అన్నీ కావెండిష్ రకాలే. అరటికి ఈ పేరు వచ్చింది తోటలో కాదు, చలిదేశపు అద్దాల ఇంట్లో.

కాబట్టి అసాధ్యమేమీ కాదు. కాని డ్యూకు గారికి అద్దాల ఇంటిని వెచ్చగా ఉంచే బొగ్గు ఉంది, తోటమాలులు ఉన్నారు. మనవాడి దగ్గర ఉన్నది రెండు గదుల అపార్టుమెంటు, ఒక కిటికీ, సాయంత్రం ఆరింటికి ఆఫీసు నుంచి వచ్చే ఓపిక. అందులో ఏం చేయగలడో చూద్దాం.

మొదట వెలుగు. అందరూ చలి గురించి మాట్లాడతారు. చలి గురించి ఎవరికీ చెప్పనక్కరలేదు, ఒంటికి తెలుస్తుంది. వెలుగు సంగతి ఒంటికి తెలియదు. అరసవల్లి గుడిలో మార్చిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయి, మనందరం వెళ్లి చూసేదే. ఏడాది పొడవునా ఎందుకు పడవు? సూర్యుడు ఉదయించే చోటు రోజూ కొంచెం కొంచెం జరుగుతుంది కాబట్టి. ఉత్తరానికి వెళ్లేకొద్దీ ఆ జరుగుడు పెద్దదవుతుంది. డిసెంబరు చివర శ్రీకాకుళంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు 48 డిగ్రీల ఎత్తున ఉంటాడు. అదే రోజు లండన్‌లో? 15 డిగ్రీలు. ఎదురింటి కప్పు దాటి పైకి రాడు. పగలు మనకు దాదాపు 11 గంటలు, వాళ్లకు 8 గంటలు నిండవు. ఆ కాస్త వెలుగూ మబ్బుల్లోంచి రావాలి, తర్వాత కిటికీ అద్దంలోంచి రావాలి.

వెలుగును లక్సుల్లో కొలుస్తారు. మన మధ్యాహ్నపు ఎండ లక్ష లక్సుల దాకా ఉంటుంది. ఇంట్లో దీపం వేసుకుని పేపరు చదువుకునే వెలుగు మూడు నాలుగు వందలు. మన కంటికి అంత తేడా అనిపించదు, కన్ను సర్దుకుపోతుంది. ఆకు సర్దుకుపోదు. అందుకని కిటికీ దగ్గర పెట్టండి అంటే కిటికీ ఉన్న గదిలో అని కాదు, కిటికీకి ఆనించి అని. అది కూడా దక్షిణపు కిటికీ. వాస్తు అక్కడ పక్కన పెట్టండి. దక్షిణపు కిటికీ లేకపోతే మొక్కల కోసం అమ్మే ఎల్‌ఈడీ దీపం కొనమనండి. రోజుకు 12 నుంచి 14 గంటలు వెలగాలి, మొక్కకు దగ్గరగా ఉండాలి. పైకప్పుకు బిగించి వదిలేస్తే అది గదికి అలంకారమే గాని మొక్కకు తిండి కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. నీళ్లు.

మొక్క నీళ్లు ఎందుకు తాగుతుంది? ఎండకు, గాలికి ఆకు లోంచి ఆవిరి పోతుంది, ఆ లోటు భర్తీ చేయడానికి వేరు లాగుతుంది. వెలుగు లేదు, వేడి లేదు, కొత్త చిగురు లేదు. అప్పుడు ఎందుకు లాగుతుంది? లాగదు. మనం పోసిన నీళ్లు కుండీలోనే ఉండిపోతాయి. మట్టి సందుల్లో గాలి ఉండవలసిన చోట నీళ్లు నిలుస్తాయి. వేరుకు కూడా ఊపిరి కావాలండి. ఊపిరాడని వేరును బూజు జాతి క్రిములు పట్టుకుంటాయి, వేరు కుళ్లుతుంది. కుళ్లిన వేరు నీళ్లు లాగలేదు. నీళ్లు అందని ఆకు ఏమవుతుంది? వాడుతుంది. వాడిన ఆకును చూసి మనం ఏమనుకుంటాం? అయ్యో, దాహం వేస్తోంది అనుకుంటాం. ఇంకో చెంబు పోస్తాం. అయిపోయింది. నిండా నీళ్లున్న కుండీలో మొక్క దాహంతో చచ్చిపోతుంది. మళ్లీ చెబుతాను: నీళ్లల్లో నిలబడి, దాహంతో చచ్చిపోతుంది.

మరి ఎప్పుడు పోయాలి? వారానికి ఇన్నిసార్లు అని నేను చెప్పను, ఎవరైనా చెబితే నమ్మకండి. వేలు మట్టిలోకి రెండు కణుపులు దించండి. చల్లగా, తడిగా తగిలితే పోయకండి. చిన్న కుండీ అయితే ఎత్తి చూడండి. నిండా తడిసినప్పుడు ఎంత బరువుందో, ఆరినప్పుడు ఎంత బరువుందో నాలుగుసార్లకు చేతికే తెలిసిపోతుంది. నడిచలికాలంలో పది పదిహేను రోజుల దాకా అక్కర లేకపోవచ్చు. పోసినప్పుడు మాత్రం చిల్లుల్లోంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయాలి. కుళాయిలోంచి వచ్చే చన్నీళ్లు నేరుగా వద్దు, గదిలో కాసేపు ఉంచినవి పోయండి. ఎరువు సంగతి అడిగారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎరువు ఊసే వద్దు. ఆ నాలుగు నెలలూ మొక్క పని పెరగడం కాదు, బతికి ఉండటం.

కుండీ అడుగున ఏం వేస్తారు మీరు? చెప్పండి, మొహమాటం వద్దు. పెంకులు, గులకరాళ్లు. ఎందుకు వేస్తారు? నీళ్లు దిగుతాయని. దిగవు. ఇంటికెళ్లాక ఒక పరీక్ష చేయండి. గిన్నెలు తోమే స్పాంజి తీసుకుని నీళ్లలో ముంచి, బల్లపరుపుగా పట్టుకోండి. కారవలసింది కారి ఆగిపోతుంది. ఇప్పుడు దాన్నే నిలువుగా తిప్పండి. మళ్లీ నీళ్లు కారతాయి. కుండీలో మట్టి కూడా ఇంతే. అడుగున కొంత ఎత్తు ఎప్పుడూ తడిసి ముద్దగానే ఉంటుంది. గులకరాళ్లు వేస్తే ఆ ముద్ద పొర పోదు, రాళ్ల మీదికి జరుగుతుంది, వేరుకు ఇంకా దగ్గరవుతుంది. చిల్లు మీద మట్టి జారకుండా ఒక్క పెంకు ముక్క చాలు. వెడల్పాటి లోతులేని తొట్టి కంటే లోతైన కుండీ మేలు.

మట్టి కూడా తోట మట్టి పనికిరాదు. కుండీలో అది గట్టిపడి గాలి ఆడనివ్వదు. అక్కడ సంచుల్లో దొరికే కుండీ మిశ్రమంలో పెర్లైటు అనే తేలికైన తెల్ల గుళికలు గాని, చెట్టు బెరడు ముక్కలు గాని మూడో వంతు కలిపితే బాగుంటుంది. కొబ్బరి పొట్టు కూడా అక్కడ ఇటుకల్లా అచ్చుపోసి అమ్ముతారు. మన ఉద్దానంలో పీచు తీశాక గుట్టలుగా మిగిలే పొట్టే అది! ఉప్పు ఉంటుంది, నానబెట్టి కడిగి వాడాలి. ఇంకొక మాట, చిన్న మొక్కను పెద్ద డ్రమ్ములో పెట్టకండి. వేరు అందుకోలేనంత మట్టి నెలల తరబడి తడిగా ఉండిపోతుంది. ఒక్కొక్క అంగుళమో రెండంగుళాలో పెంచుకుంటూ మార్చాలి.

నిమ్మజాతి పెంచేవాళ్లకు ఒక ప్రత్యేకమైన ఫిర్యాదు ఉంటుంది. కిటికీలో పెట్టాం, ఎండ తగులుతోంది, నీళ్లు మితంగానే పోశాం, అయినా జనవరిలో పచ్చి ఆకులు గలగలా రాలిపోయాయి అంటారు. ఏమైందంటే, అద్దంలోంచి పడిన ఎండకు ఆకు వేడెక్కింది, నీళ్లు అడిగింది. కుండీ మాత్రం చల్లటి రాతి నేల మీద ఉంది. వేరు దగ్గర 12, 13 డిగ్రీల కంటే తగ్గితే నిమ్మ వేరు పని చేయదు. పైవాడు అడుగుతున్నాడు, కిందివాడు ఇవ్వడం లేదు. చెట్టు ఆకుల్ని వదిలించుకుంటుంది. దీనికి మందు లేదు. కుండీ కింద ఒక చెక్క పలక పెట్టండి. లేదా మొక్కను మొత్తంగా చల్లటి చోటికి, ఎండ తగలని చోటికి మార్చండి. రెండూ వెచ్చగా ఉండాలి, లేకపోతే రెండూ చల్లగా ఉండాలి.

సరే, ఏ మొక్కలు పెట్టాలి? దీనికి ముందు మీ పిల్లల్ని ఒకటి అడగండి. కాయ కావాలా, చెట్టు కావాలా? చాలామందికి కావలసింది చెట్టే. కిటికీలో మామిడాకు కనిపిస్తే చాలు, ఉగాదికి గుమ్మానికి నాలుగు ఆకులు కడితే చాలు. వాళ్లకు టెంక పాతినా పరవాలేదు. కాయ కావాలనేవాళ్లతోనే నా పేచీ.

మామిడి గురించి నిక్కచ్చిగా చెబుతాను. మన సువర్ణరేఖ, బంగినపల్లి లాంటివి టెంక నుంచి వస్తే తల్లి గుణం రాదు. పైగా కాపుకు ఏళ్లు పడుతుంది, కుండీలో ఇంకా ఆలస్యం. అంటు మొక్కే కొనాలి. ఫ్లోరిడా నర్సరీల్లో కుండీకి సరిపోయే పొట్టి రకాలు ఉన్నాయి: పికరింగ్, ఐస్‌క్రీమ్, కారీ. ఇక పూత. ఇక్కడే తమాషా. చలి రాత్రులు మామిడికి పూత తెప్పిస్తాయి. చలిదేశంలో పూతకు కొదవ లేదు. కాని ఆ పూత ఎప్పుడు వస్తుంది? నడిచలికాలంలో, తలుపులు మూసిన గదిలో. ఈగ లేదు, తేనెటీగ లేదు. 10 డిగ్రీలకు దిగితే పుప్పొడి చచ్చుబడుతుంది, పిందె కట్టినా లోపల జీడి లేకుండా గోళీకాయంత దగ్గర ఆగిపోతుంది. గాలి ఆడకపోతే బూడిద తెగులు. అందుకని తెలిసినవాళ్లు తొలి పూతను తుంచేస్తారు. రాత్రులు ఇంకా చల్లగానే ఉంటే పక్క నుంచి మళ్లీ పూస్తుంది, అప్పటికి వసంతం వస్తుంది, కుండీ బయట పెట్టవచ్చు. మూడు కాయలు నిలిస్తే పండగ చేసుకోవచ్చు. ఆ మూడు కాయల కోసం పడే శ్రమ విలువ ఎవరికి వారు తేల్చుకోవాలి. నేనైతే బజారులో కొనుక్కుంటాను. 2007లో మన మామిడిపండ్లకు అమెరికా తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి.

నా ఓటు జామకు. ఎందుకంటే జామ కొత్త చిగురు మీద పూస్తుంది. వసంతంలో కొమ్మలు కత్తిరిస్తే చిగురు, చిగురుతో పూత, వేసవి పొడుగునా కాయ ఊరడం. చెట్టుకు ఎంత కత్తెర పెడితే అంత కాపు, కుండీకి ఇంతకంటే ఏం కావాలి? కాస్త చలికి తట్టుకుంటుంది, గడ్డకట్టే చలి మాత్రం తగలకూడదు. తన పుప్పొడితో తనే కాస్తుంది, జత వెతకనక్కరలేదు.

అరటి? అరటి ముప్ఫై నలభై ఆకులు వేశాక గాని గెల వేయదు. 14 డిగ్రీల కిందికి వెళితే ఆకు వేయడమే ఆపేస్తుంది. లెక్క మీరే చూసుకోండి. ఇక్కడ ఏడాదిలో వచ్చే గెలకు అక్కడ రెండేళ్లు, అదీ వస్తే. గెల మాట మర్చిపోయి ఆకు కోసం పెంచమనండి. వినాయక చవితికి విస్తరికి ఆకు దొరికితే అక్కడ అదే పెద్ద విషయం.

బొప్పాయి వద్దు. చల్లటి తడికి దానంత త్వరగా కుళ్లే వేరు ఇంకొకటి లేదు. కాయ పట్టినా చలికి వంకరలు పోతుంది.

సీతాఫలం బాగుంటుంది, ఎవరూ పెట్టరు. దాని పువ్వు మొదట ఆడది, కొన్ని గంటల తర్వాత మగది. రెండూ ఒకేసారి కుదరవు. అందుకని పుప్పొడి రాల్చే దశలో ఉన్న పువ్వు నుంచి సన్నటి కుంచెతో పుప్పొడి తీసి, అప్పుడే విచ్చుకుంటున్న పువ్వులో అద్దాలి. మన కొండల్లో ఈ పని చిన్న చిన్న పురుగులు చేస్తాయి, అక్కడ మనం చేయాలి. చలికాలం ఆకు రాల్చేస్తుంది. చచ్చిపోయిందని పారేసినవాళ్లు ఉన్నారు! రాలడం దాని స్వభావం. నీళ్లు దాదాపు ఆపేసి, మంచు తగలని చోట పెడితే వసంతంలో చిగురిస్తుంది. దానిమ్మ, అంజూర కూడా అంతే. ఆకు లేదు కాబట్టి వెలుగు కూడా అక్కర్లేదు, కారు షెడ్డులో పడి ఉంటాయి.

పిల్లలకు సరదా కావాలంటే అనాస. సీతంపేట కొండల్లో మన సవర రైతులు పండించేదే. పండు మీది కిరీటాన్ని మెలితిప్పి తీసి, రెండు మూడు రోజులు ఆరనిచ్చి కుండీలో గుచ్చితే వేరు పోసుకుంటుంది. రెండేళ్లు దాటినా పూయకపోతే, బాగా పండిన ఆపిల్‌ను మొక్క మొదట్లో పెట్టి పైన ప్లాస్టిక్ సంచి వారం పాటు కప్పండి. పండే ఆపిల్ నుంచి ఇథిలీన్ వాయువు వస్తుంది, అది అనాసకు పూత తెప్పిస్తుంది.

ఇక లోపలికీ బయటికీ మార్చడం. రాత్రి 12 డిగ్రీలకు దిగడం మొదలైతే లోపలికి తేవాలి. తెచ్చే ముందు ఆకుల అడుగు భాగం నీటి ధారతో కడగాలి. హీటరు వేసిన గదిలో గాలి పొడిగా ఉంటుంది, ఎర్రనల్లికి అంతకంటే స్వర్గం లేదు. పొలుసు పురుగు, పిండినల్లి కూడా ఉంటాయి. వేపనూనె, సబ్బునీళ్లు చాలు. బయట పెట్టేటప్పుడు మాత్రం తొందర వద్దు. నీడలో నాలుగు రోజులు, పొద్దుటి ఎండలో నాలుగు రోజులు, అలా రెండు వారాలు తీసుకోవాలి. నాలుగు నెలలు గదిలో ఉన్న ఆకు, లండన్ ఎండకు కూడా మాడిపోతుంది. లండన్ ఎండకు!

ఇంక ప్రశ్నలు. ఆ అమ్మ అడుగుతున్నారు, సూట్‌కేసులో కరివేపాకు మొక్క పెట్టి తీసుకెళ్లవచ్చా అని. వద్దమ్మా. కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటారని కాదు, పట్టుకుంటారు, అది వేరే. కరివేప నిమ్మ కుటుంబానిది. నిమ్మజాతి చెట్లను ఎండబెట్టే ఒక రోగం ఉంది, దాన్ని మోసే చిన్న పురుగు కరివేప చిగురు మీద కూడా బతుకుతుంది. ఫ్లోరిడాలో 2005లో ఆ రోగం బయటపడింది, ఆ తర్వాత అక్కడి నారింజ తోటలు ఎలా కుప్పకూలాయో చూడండి. మన సూట్‌కేసులో వెళ్లే నాలుగు రెమ్మల మీద కంటికి కనపడని గుడ్లు ఉండవచ్చు. మొక్క అక్కడి నర్సరీలోనే కొనమనండి. మామిడి టెంకలు కూడా ఇంతే, లోపల పురుగు ఉంటుంది.

ఇంకొక ప్రశ్న, ఇది కూడా కరివేప గురించే. మా అమ్మాయి ఇంట్లో ఆకులన్నీ రాలి పుల్లలు మిగిలాయి, పారేయమంటారా? పారేయకండి. గోటితో పుల్ల మీద బెరడు కొంచెం గీకి చూడమనండి. కింద పచ్చగా ఉంటే బతికే ఉంది. గోధుమరంగులో, పెళుసుగా ఉంటే పైనుంచి కొంచెం కొంచెం కత్తిరిస్తూ రావాలి, పచ్చదనం కనిపించిన చోట ఆపాలి. మొదలు దాకా వచ్చినా పచ్చ కనిపించకపోతే అప్పుడు కూడా ఏప్రిల్ చివరి దాకా ఉంచమనే చెబుతాను, కరివేపకు వేరు నుంచి పిలక వేసే గుణం ఉంది కదా. ఆలోగా మట్టి పూర్తిగా ఎండిపోకుండా అప్పుడప్పుడు కాసిని నీళ్లు, అంతే.